వాట్లు కాదు తల్లీ, గాలి చూడు

సబ్‌వూఫర్ కొనబోయేవాళ్లు ముందుగా చదివేది అట్టపెట్టె మీది వాట్లు. మా మనవరాలూ అంతే. హైదరాబాద్‌లో ఉద్యోగం, మొదటి అంతస్తులో అద్దె వాటా. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో రెండు చిన్న స్పీకర్లు, ఒక బుల్లి ఆంప్లిఫయర్ పెట్టుకుని పాటలు వింటూంటుంది. "అన్నీ వినపడుతున్నాయి తాతయ్యా, కానీ పాటకి అడుగు లేదు" అని ఫోను చేసింది. ఆ అడుగు 15,000 రూపాయల లోపు రావాలట. దుకాణంలోంచే ఫొటోలు పంపింది. ఒక పెట్టె మీద ఎర్రటి అక్షరాలతో 8,000 వాట్లు అని ఉంది.

"మీ గోడకున్న మామూలు సాకెట్ 6 ఆంపియర్లదే కదే. 230 వోల్టులతో హెచ్చవేస్తే 1,380 వాట్లు. గోడే అంతకు మించి ఇవ్వనప్పుడు ఈ పెట్టె ఎనిమిది వేలు ఎక్కణ్ణించి తెస్తుంది?" అన్నాను. ఆ అంకె పక్కన భూతద్దం పెట్టి చూస్తే పీఎంపీఓ అని ఉంటుంది. కన్ను ఆర్పేలోపు, ధ్వని చెడినా సరే, ఎంత ఎగదన్నగలదో అన్న ఊహ అది. దాన్ని ఫలానా విధంగానే కొలవాలన్న కట్టుబాటు లేదు కాబట్టి ఎవరికి తోచినన్ని సున్నాలు వాళ్లు పెట్టుకుంటారు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా అదే పనిగా ఇవ్వగలిగే శక్తి. దాని మీదా మరీ మోజు పడక్కర్లేదు. 50 వాట్లది మాని 100 వాట్లది తెస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చిన్న గదికి 50 నుంచి 100 ఆర్‌ఎంఎస్ వాట్లు ధారాళంగా సరిపోతాయి. డబ్బు పెట్టాల్సిన చోటు ఇంకోటుంది.

మనిషి చెవి వినే మేర 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అని బడిలో చదువుకున్నాం. వయసులో ఉన్నవాళ్ల లెక్క అది, పై కొస నాకెప్పుడో పోయింది. సబ్‌వూఫర్ పని మాత్రం ఆ మేరలో అట్టడుగున, ఇంచుమించు 80, 100 హెర్ట్జ్ లోపల. మన గదుల వేడికి ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. ఆ వేగాన్ని కంపనాలతో భాగిస్తే అల పొడవు వస్తుంది. 1,000 హెర్ట్జ్ అల జానెడున్నర. 40 హెర్ట్జ్ అల 8.6 మీటర్లు, అంటే 28 అడుగులు. మనవరాలి గదిలో ఆ అల నిలువునా పట్టదు, అడ్డంగానూ పట్టదు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత వచ్చే చిక్కులన్నీ దీనిలోంచే.

అంత కింది స్వరాన్ని పుట్టించాలంటే గాలిని తోయాలి, అదీ బోలెడంత. చెంచాతో విసురుకుంటే చెమట ఆరదు, విసనకర్ర కావాలి. లెక్క ఇలా ఉంటుంది: మోత అంతే ఉండాలి, స్వరం మాత్రం ఒక స్థాయి కిందికి దిగాలి, కంపనాలు సగమవ్వాలి అంటే, స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ ఆడాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఆడి ఇచ్చిన మోతే 40 దగ్గర కావాలంటే 4 మిల్లీమీటర్లు, 20 దగ్గర కావాలంటే 16 మిల్లీమీటర్లు. 4 అంగుళాల స్పీకర్‌లో గాలిని నెట్టే భాగం 55, 60 చదరపు సెంటీమీటర్లు ఉంటుందేమో. 8 అంగుళాలదానికి 210 దాకా, 10 అంగుళాలదానికి 340 దాకా ఉంటుంది. 10 అంగుళాలది ఇటూ అటూ 5 మిల్లీమీటర్లు ఊగి చేసే పనిని 4 అంగుళాలది చెయ్యాలంటే 30 మిల్లీమీటర్లు ఊగాలి. అలా ఊగితే కాయిల్ అయస్కాంతాన్ని వదిలి బయటికొచ్చేస్తుంది.

అందుకే పెట్టె మీద వాట్ల కంటే ముందు కోన్ ఎన్ని అంగుళాలో చూడమంటాను. 8 నుంచి 10కి వెళ్తే పేరుకి రెండంగుళాలే, వైశాల్యం మాత్రం ఒకటిన్నర రెట్లు పైమాటే. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు కాగితపు కోన్‌కి తీగచుట్ట కట్టి అయస్కాంతం మధ్య ఆడించే పద్ధతికి ఒక రూపం తెచ్చారు. ఇవాళ మీరు కొనే సబ్‌వూఫర్‌లోనూ ఉన్నది అదే. వందేళ్లలో జిగురు మారింది, అంచుకి రబ్బరు వచ్చింది. గాలి తోసే లెక్క మారలేదు.

దీనికి తోడు మన చెవి కూడా కింది స్వరాల విషయంలో మహా పిసినారి. 1,000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్‌ల గుసగుస కూడా పట్టేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్‌లు దాటితే గాని అసలు ధ్వని ఉన్నట్టే తెలియదు. 20 దగ్గర 80కి చేరువ కావాలి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ఈ తేడాని వంకర గీతలుగా గీసి చూపించారు. రాత్రిపూట సన్నగా పెట్టుకుని వింటే పాట బక్కచిక్కినట్టు అనిపించడానికి కారణం ఇదే. పాత ఆంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ అని ఒక బొత్తాం ఉండేది, తక్కువ మోతలో ఈ లోటు పూడ్చడానికే. ఇంకో చిత్రం ఉంది. చెవికి వినపడే గడప ఎత్తుగా ఉన్నా, ఆ గడప దాటాక కింది స్వరాల మోత గబగబా పెరుగుతుంది. మధ్య స్వరాలు రెట్టింపు మోత అనిపించాలంటే 10 డెసిబెల్‌లు పెంచాలి, బాస్‌కి అందులో సగం పెంచితే చాలు. సబ్‌వూఫర్ నాబ్ కాస్త తిప్పగానే లేని మోత ఉన్నట్టుండి మీద పడినట్టుండేది అందుకే. వెంట్రుకవాసి తిప్పాలి దాన్ని.

"మరి ఫోన్‌లో కూడా బాస్ గిటార్ తెలుస్తోందిగా?" అంది. మంచి ప్రశ్న. ఫోన్‌లోని రవ్వంత స్పీకర్ 40 హెర్ట్జ్‌ని పుట్టించలేదు. కానీ ఆ తీగ మోగినప్పుడు 40తో పాటు 80, 120, 160 కూడా మోగుతాయి. పైవి వినపడగానే, వీటన్నిటి మధ్యా ఎడం 40 కాబట్టి అడుగున ఉండాల్సింది 40 అని మెదడే పూరించేస్తుంది. పాత ల్యాండ్‌లైన్ తీగలో 300 హెర్ట్జ్ నుంచి 3,400 దాకానే పంపేవారు. మగవాడి గొంతు 100, 150 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అయినా మామయ్య ఫోన్ చేస్తే మామయ్య గొంతులాగే ఉండేది గాని అత్తయ్య గొంతులా వినపడలేదు. అయితే మెదడు స్వరాన్ని పూరించగలదే తప్ప గుండెల మీద తట్టే ఆ ఒత్తిడిని పూరించలేదు. ఆ తట్టు కోసమే ఈ ఖర్చంతా.

ఇక అసలు ప్రశ్న: నువ్వు వినేదేమిటి? దీనికి జవాబు చెప్పకుండా సబ్‌వూఫర్ కొనడం కొలతలు లేకుండా బట్ట చింపడమే. కర్ణాటక సంగీతం తీసుకోండి. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి తంబూరాలో మంద్ర షడ్జం తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అయిదు, ఆరు శ్రుతుల్లో పాడే గాయనీమణి తంబూరా అయితే 98 నుంచి 110 దాకా. మృదంగం ఎడమవైపు తొప్పికి బొంబాయి రవ్వ ముద్ద అంటించేది కిందికి దింపడానికే. ఆ తొప్పి మీద చెయ్యి జరుపుతూ వాయించే గుముకీ చిన్న స్పీకర్లలో 'టుప్' మని ఊరుకుంటుంది, మంచి సబ్‌వూఫర్ తోడైతే జారుతూ లేచే స్వరం మొత్తం తెలుస్తుంది. కుడివైపు నల్లటి కరణి సంగతి వేరే. ఆ పూత వల్లే చర్మవాద్యానికి కూడా తీగవాద్యంలాగా లెక్కకు లొంగే ఉపస్వరాలు వస్తాయని విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో రాశాడు. నోబెల్ తెచ్చిన కాంతి కంటే ముందు ఆయన్ని పట్టుకున్నది ధ్వనే. ఈ మృదంగం సంగతి ఎత్తితే నేను ఆగను, క్షమించాలి.

సినిమా పాటల్లో రెండు కాలాలున్నాయి. 78 ఆర్‌పీఎం రికార్డుల నాటి పాటల్లో, ఆనాటి సినిమా రీళ్ల మీది ధ్వనిలో అట్టడుగు స్వరాలు సరిగా ఎక్కనే లేదు. రికార్డు కానిదాన్ని ఏ సబ్‌వూఫరూ తెచ్చి ఇవ్వలేదు, కింద ఉన్న గరగరని మాత్రం పెద్దది చేసి ఇస్తుంది. ఘంటసాల, లీల పాటలే వినేవాళ్లకి ఈ ఖర్చు దండగ, ఆ డబ్బుతో ఇంకాస్త మంచి స్పీకర్లు కొనుక్కోవచ్చు. ఎలక్ట్రిక్ బాస్ గిటార్ వచ్చాక కథ మారింది. దాని అడుగు తీగ 41 హెర్ట్జ్. ఇప్పటి పాటల్లో కంప్యూటర్ మీద చేసిన మోతలు ఇంకా దిగుతాయి. సినిమాల్లో పేలుళ్లూ భూకంపాలూ 20, 30 దగ్గర దొర్లుతుంటాయి. 1974లో 'ఎర్త్‌క్వేక్' అనే హాలీవుడ్ సినిమాకి హాళ్లలో పెద్దపెద్ద వూఫర్లు విడిగా పెట్టి కుర్చీలు అదిరించారు. ఇప్పటి 5.1 స్పీకర్ల ఏర్పాటులో ఆ చివరి ఒకటి ఇలాంటి మోతలకే కేటాయించింది. కానీ పాటల కోసం కొనే సబ్‌వూఫర్ 40 దాకా నిజాయితీగా దిగితే చాలు. 20 దాకా దిగేది కావాలంటే ధర రెండు మూడు రెట్లు ఎక్కుతుంది, పెట్టె మంచం పక్కన పట్టదు.

పెట్టె అన్నాను కాబట్టి దాని గురించీ చెప్పాలి. విడి వూఫర్‌ని చేత్తో పట్టుకుని మోగిస్తే బాస్ రాదు. కోన్ ముందుకు తోసినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణాన వెనక గాలి పలచబడుతుంది. పొడవాటి అలకి కోన్ చుట్టూ తిరిగి రావడం ఎంతసేపు? రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. వెనక అలని బంధించడానికే పెట్టె. పూర్తిగా మూసేస్తే లోపలి గాలే స్ప్రింగులా పనిచేసి కోన్‌ని వెనక్కి లాగుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఈ ఉపాయంతోనే ఏఆర్-1 అనే స్పీకర్ చేశాడు. బీరువా అంత పెట్టె లేకుండా పుస్తకాల అరలో పట్టే దాంట్లోంచి లోతైన బాస్ వినపడేసరికి జనం నమ్మలేకపోయారు.

రెండో రకం పెట్టెకి గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది, పోర్టు అంటారు. ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బుయ్ మంటుంది కదా, సరిగ్గా అదే సూత్రం. మెడలోని గాలి ముద్దగా ఊగుతుంది, లోపలి గాలి స్ప్రింగు అవుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ దీని లెక్క పందొమ్మిదో శతాబ్దంలోనే కట్టాడు. పెట్టె కొలత, గొట్టం పొడవు సరిగ్గా కుదిరితే కోన్ చేయలేని పనిని గొట్టంలోని గాలి చేసి పెడుతుంది, అదే వాట్లకి ఎక్కువ మోత వస్తుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ 1960, 70లలో ఆ లెక్కలన్నీ పట్టికల్లోకి తెచ్చాక ఎవరైనా కూర్చుని పెట్టె డిజైన్ చేసుకునే వీలు కలిగింది. కానీ ఊరికే ఏదీ రాదు. గొట్టం శ్రుతి కంటే కిందికి వెళ్లగానే పోర్టు పెట్టె ధ్వని స్థాయికి 24 డెసిబెల్‌ల చొప్పున కూలిపోతుంది. మూసిన పెట్టె 12 చొప్పునే మెల్లగా దిగుతుంది. చవక పోర్టు పెట్టెల్లో ఇంకో జబ్బు ఉంటుంది: ఏ పాట పెట్టినా, ఏ స్వరం వాయించినా ఒకే 'బుమ్ బుమ్'. గొట్టం శ్రుతి దగ్గర ఒక్కచోట మోత కుప్ప పోసి, దుకాణంలో గిరాకీని పడగొట్టడానికి చేసిన ఏర్పాటు అది.

దుకాణంలో దీన్ని పట్టే ఉపాయం చెప్పాను. బాస్ గిటార్ మెట్లు దిగుతూ ఎక్కుతూ వాయించే పాట ఏదైనా, నీకు నోటికి వచ్చినది, పెట్టించుకో. మెట్లన్నీ విడివిడిగా తెలుస్తున్నాయా, లేక రెండు మెట్లు గుమ్మని మిగతావి మాయమవుతున్నాయా? పెట్టెని వేలి కణుపుతో కొట్టి చూడు. గట్టిగా 'టక్' మంటే మంచిది, డబ్బాలా మోగితే పెట్టె కూడా పాడుతుందన్నమాట. ప్లాస్టిక్ పెట్టెల జోలికి పోవద్దు.

చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ వాట్లకే గట్టి మోత. ఈ మూడింట్లో రెండే కోరుకోవచ్చని స్పీకర్లు చేసేవాళ్లు హాఫ్‌మన్ పేరుతో ఒక ఉక్కు సూత్రం చెప్పుకుంటారు. సౌండ్‌బార్‌తో వచ్చే చెప్పుల డబ్బా అంత సబ్‌వూఫర్ మూడూ ఇస్తానంటే అది ఏదో ఒకటి ఎగ్గొడుతోందని అర్థం. మామూలుగా ఎగ్గొట్టేది లోతునే.

కరపత్రంలో '20 నుంచి 200 హెర్ట్జ్' అని వేసి ఊరుకుంటే ఆ మాటకి విలువ లేదు. 20 దగ్గర చీమ నడిచినంత చప్పుడు వచ్చినా ఆ మాట అబద్ధం కాదు కదా. పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్‌లు అని ఉండాలి. '38 నుంచి 150, ప్లస్ ఆర్ మైనస్ 3' అని రాసినవాడు 20 అని రాసినవాడి కంటే నమ్మదగ్గ మనిషి. ఇక వెనక పలక చూడాలి. మా మనవరాలి ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్ అనే కన్నం లేదు. అలాంటప్పుడు సబ్‌వూఫర్‌కి స్పీకర్ లెవెల్ ఇన్‌పుట్ ఉండి తీరాలి, అంటే స్పీకర్ వైర్లు తెచ్చి బిగించే ఎర్ర నల్ల టెర్మినల్స్. ఇది చూసుకోకుండా కొని ఇంటికి తెచ్చి తల పట్టుకునేవాళ్లు చాలామంది. చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లలో కొన్నిటి నల్ల వైరు ఎర్తుకి తగలకూడదు. అందుకని ముందు దాని మాన్యువల్ చదువు అన్నాను. మాన్యువల్ అనగానే ఈ తరానికి నవ్వొస్తుంది.

క్రాస్‌ఓవర్ నాబ్ అనేది సరిహద్దు. ఇంత వరకు సబ్‌వూఫర్ పలకాలి, ఆ పైన స్పీకర్లు. 4 అంగుళాల చిన్న స్పీకర్లతో 80 నుంచి 100 మధ్య మొదలుపెట్టాలి. 80 లోపు అలలు మన తల కంటే ఎన్నో రెట్లు పొడవు కాబట్టి, మోత ఎటునుంచి వస్తోందో రెండు చెవులూ పోల్చి చెప్పలేవు. పెట్టె మూలన ఉన్నా బాస్ పాటతో కలిసే ఉన్నట్టుంటుంది. సరిహద్దు 150 దాటించారా, గాయకుడి గొంతులో సగం సోఫా వెనకనుంచి వస్తుంది. చవక 2.1 సెట్లలో జరిగేది ఇదే. పక్క స్పీకర్లు మరీ చిన్నవి కాబట్టి వూఫర్ మీద మోయలేనంత పని పెడతారు.

ఇంత చెప్పాక అసలు సంగతి చెప్తాను. సబ్‌వూఫర్ ఏదన్నదాని కంటే ఎక్కడ పెట్టావన్నదే ఎక్కువ తేడా తెస్తుంది, పైగా దానికి పైసా ఖర్చు లేదు. ఎదురెదురు గోడల మధ్య అల అటూ ఇటూ కొట్టుకుని, సగం పొడవు సరిగ్గా గదికి సరిపోయినచోట నిలిచిపోతుంది. పన్నెండడుగులంటే 3.66 మీటర్లు. 345ని దాని రెట్టింపుతో భాగిస్తే 47 హెర్ట్జ్. పదడుగుల వైపు లెక్కిస్తే 57కి దరిదాపు. ఇక మన ఇళ్లలో స్లాబు ఎత్తు కూడా మామూలుగా పదడుగులే. అంటే వెడల్పూ ఎత్తూ రెండూ ఒకే 57 దగ్గర కూడబలుక్కుని మోగుతాయి. పది బై పది గది అయితే మూడూ ఒకటే, ఇంతకంటే మొండి గది ఉండదు. నిలిచిన అలకి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, నడిమధ్యన సున్నా. గది మధ్యలో కుర్చీ వేసుకుంటే 47 హెర్ట్జ్ స్వరం మాయం, గోడకి జేరగిలబడితే అదే స్వరం తల మీద కూర్చుంటుంది. సబ్‌వూఫర్ బాలేదని తిరిగి ఇచ్చేసేవాళ్లలో ఎందరు కుర్చీ జరిపి చూశారో అడగాలనుంటుంది నాకు.

సబ్‌వూఫర్‌ని మూలన పెడితే ఈ నిలిచిన అలలన్నీ ఒకేసారి లేస్తాయి. రెండు గోడలూ నేలా కలిసి మోతని పెంచుతాయి కూడా. చిన్న సబ్‌వూఫర్ కొన్నవాళ్లకి అది ఉచితంగా వచ్చిన బలం, కానీ గుమ్ముగా ఉంటుంది. ఏ చోటు మంచిదో కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది, చూసినవాళ్లు నవ్వుతారు. నువ్వు కూర్చునే కుర్చీలో సబ్‌వూఫర్‌ని కూర్చోబెట్టు. మెట్లు దిగే ఆ బాస్ పాటనే తిప్పి తిప్పి పెట్టు. నువ్వు నేల మీద పాకుతూ, పెట్టె పెట్టడానికి వీలున్న చోటల్లా చెవి నేలకి దగ్గరగా పెట్టి విను. స్వరాలన్నీ సమానంగా వినపడిన చోట బలపంతో గుర్తు పెట్టుకుని, పెట్టెని అక్కడికి మార్చి నువ్వు కుర్చీలోకి వెళ్లు. ధ్వని పుట్టే చోటూ వినే చోటూ తారుమారు చేసినా ఫలితం మారదని హెల్మ్‌హోల్ట్జ్, లార్డ్ రేలీ ఎప్పుడో తేల్చారు. అది ఇక్కడ మనకి నేల మీద పాకడానికి పనికొచ్చింది. తరవాత వెనకున్న ఫేజ్ స్విచ్ 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి, ఎందులో బాస్ నిండుగా ఉందో అందులో వదిలెయ్యి.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని 30 నుంచి 100 దాకా మెల్లగా పెంచుతూ పోతే ఇంకో తమాషా బయటపడుతుంది. ఒకచోట ఇనప బీరువా తలుపు జిర్రుమంటుంది, ఇంకోచోట షోకేసులో గాజు గ్లాసులు, మరోచోట స్టీలు స్టాండులో పళ్లాలు. సబ్‌వూఫర్ చిరిగిపోయిందని అనుకునే చప్పుళ్లలో చాలా భాగం ఇవే. తలుపు సందులో మడిచిన కాగితం పెట్టినా తగ్గుతుంది.

మనవరాలి డబ్బుకి 8 అంగుళాలది కొత్తది చూసుకోవచ్చు. పాతదానికి సిద్ధపడితే 10 అంగుళాలది కూడా తగలొచ్చు. కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీ వైపు తిరిగే అలవాటు ఉన్న స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లమన్నాను. పాతది కొనేటప్పుడు ముందు కోన్ అంచు చూడాలి. అది ఫోమ్ అయితే పది పదిహేనేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా ముందే. రబ్బరు అంచు ఎక్కువకాలం నిలుస్తుంది. రెండు చేతుల వేళ్లూ కోన్ మీద గుండ్రంగా ఆనించి సుతారంగా లోపలికి నొక్కాలి. గీసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ పక్కకి ఒరిగిందన్నమాట, బేరమాడకుండా లేచి వచ్చెయ్యాలి. పెట్టె అడుగు తిప్పి చూడాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో నీళ్లు పీల్చుకుని చెక్కపొడి బోర్డు కింది అంచు అప్పడంలా ఉబ్బి ఉంటుంది. కొత్తది కొన్నా కాళ్ల కింద అరంగుళం రబ్బరు బిళ్లలు వెయ్యడం మంచిది. పోర్టు గొట్టంలోకి టార్చి వెయ్యడం మరిచిపోకూడదు. బల్లులకీ బొద్దింకలకీ అంతకంటే చీకటి, వెచ్చటి కాపురం దొరకదు.

ఇంటికి తెచ్చి పెట్టగానే పాట లేకపోయినా 'మ్‌మ్‌' మని సన్నటి హోరు వస్తే అది మన కరెంటు స్వరమే. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారే కరెంటు 50, 100 హెర్ట్జ్‌లలో పాడుతుంది. చిన్న స్పీకర్లలో ఇన్నాళ్లూ దాగున్నది సబ్‌వూఫర్ రాగానే బయటపడుతుంది. ఎక్కువసార్లు కారణం, ఆంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, సబ్‌వూఫర్ ఇంకో ప్లగ్గులో ఉండి ఎర్తు చుట్టు తిరిగి రావడం, లేదా కేబుల్ టీవీ తీగ ద్వారా ఇంకో ఎర్తు కలవడం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టి చూడాలి, టీవీ కేబుల్ ఒకసారి ఊడదీసి చూడాలి. మూడో పిన్ను విరిచేస్తే హోరు పోతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. హోరు పోతుంది, దాంతో పాటు షాక్ కొట్టకుండా కాపాడేదీ పోతుంది.

ఇరుగుపొరుగు సంగతి మిగిలింది. గోడ ఏదైనా పై స్వరాలని బాగానే ఆపుతుంది. కంపనాలు సగమైన కొద్దీ ఆ ఆపే శక్తి 6 డెసిబెల్‌ల చొప్పున తగ్గిపోతుంది. పక్కింటి పాటలో మాటలు తెలియవు, దరువు మాత్రం తెలుస్తుంది. రబ్బరు బిళ్లలు పెట్టె అదురు నేరుగా నేలలోకి దిగకుండా ఆపుతాయి గాని, గాలిలో పోయేదాన్ని ఆపలేవు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది తరవాత 45 డెసిబెల్‌లు అని నిబంధన ఉంది. దాన్ని కొలిచే ఏ-తూనిక పద్ధతి 50 హెర్ట్జ్ ధ్వనిని 30 డెసిబెల్‌లు తగ్గించి లెక్కేస్తుంది. మీటరు చల్లగా 45 లోపే చూపిస్తుంటే కింద ఇంట్లో మంచం అదురుతూ ఉండొచ్చు. కాబట్టి మీటరు పట్టుకుని వాదనకి దిగొద్దన్నాను.

"కింద ఉండేది ఇంటి ఓనరమ్మ గారే తాతయ్యా" అంది.

అయితే క్రాస్‌ఓవర్ సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు ఆవిడ మంచం ఏ గోడకి వేసి ఉందో కనుక్కోమన్నాను.